ప్రతిధ్వనులు గీసే ఉంగరం: సోనార్ లక్ష్యాలను టోపాలజీతో గుర్తుపట్టడం

కుండ కొనేవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తట్టి చూస్తారు. బాగా కాలిన కుండ ఖంగుమంటుంది. బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. ఒక్కచోట తట్టి ఊరుకోరు, తిప్పుతూ నాలుగు వైపులా తడతారు. బీట ఏ వైపున ఉందో ముందే తెలియదు కదా. సముద్రం అడుగున ఇసుకలో పడి ఉన్నది మామూలు బండరాయా, లేక ఓడ దగ్గరికి వస్తే పేలే మైన్ అనే మందుపాతరా అని తేల్చడానికి, నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వనిని వినే సోనార్ చేసే పని కూడా ఇదే. కాకపోతే అక్కడ వస్తువు చేతికి అందదు, కంటికి కనబడదు. దాన్ని తిప్పలేం కాబట్టి పడవే దాని చుట్టూ తిరగాలి.

ఇలా చుట్టూ తిరిగి విన్న ప్రతిధ్వనులన్నిటినీ ఒకచోట పోగేస్తే, ఆ పోగుకు ఒక ఆకారం ఉంటుంది. అది వస్తువు ఆకారం కాదు, ప్రతిధ్వనుల ఆకారం. దాన్ని చదివి వస్తువేమిటో ఎంతవరకు చెప్పొచ్చు అన్నదే ఈ వ్యాసం. ఇందుకు వాడే గణితానికి టోపలాజికల్ డేటా అనాలిసిస్ అని పేరు. పేరు విని కంగారు పడనక్కర్లేదు. లోపలి ఆలోచన వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టేవాళ్లకు కొత్తది కాదు.

వినడం వేరు, గుర్తుపట్టడం వేరు

వెలుతురు సముద్రపు నీళ్లలో ఎంతో దూరం పోదు. రేడియో తరంగాలను ఉప్పునీరు మింగేస్తుంది. ధ్వని మాత్రం సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో, అంటే గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో, కిలోమీటర్ల కొద్దీ వెళ్తుంది. 1912లో టైటానిక్ మునిగాక మంచుకొండలను ముందే పసిగట్టాలన్న తపన పెరిగింది. 1914లో రెజినాల్డ్ ఫెసెండెన్ నీళ్లలోకి శబ్దం పంపి, మంచుకొండ నుంచి వచ్చిన ప్రతిధ్వనిని పట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్‌లో పోల్ లాంజెవాన్ క్వార్ట్జ్ స్ఫటికాలతో జలాంతర్గాములను కనిపెట్టే పనికి దిగాడు. అంటే అక్కడ ఏదో ఉందని చెప్పడం వందేళ్ల కిందటే మొదలైంది. ఆ ఉన్నదేమిటో చెప్పడమే ఇప్పటికీ కష్టం.

దీని మీద అందరికీ తెలిసిన పాత ప్రయోగం ఒకటుంది. 1988లో గోర్మన్, సెజ్నోవ్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు సోనార్ ప్రతిధ్వనులను న్యూరల్ నెట్‌వర్క్‌తో, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముతో, వేరుచేసి చూపించారు. ఇసుక నేల మీద ఉంచిన లోహపు సిలిండర్ ఒకటి, దాదాపు సిలిండర్‌లాగే ఉన్న రాయి ఒకటి, రెండూ సుమారు 5 అడుగుల పొడవు. మొత్తం 208 ప్రతిధ్వనులు. అందులో 111 లోహానివి, 97 రాతివి. ఒక్కో ప్రతిధ్వనికి 60 అంకెలు. ఒక్కో అంకె ఒక్కో పౌనఃపున్యాల పట్టీలో ఎంత శక్తి తిరిగొచ్చిందో 0 నుంచి 1 మధ్య చెబుతుంది. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది ఈ డేటాతో ఒక్కసారైనా తంటాలు పడే ఉంటారు.

ఆ ప్రయోగంలో నాకు ముఖ్యమనిపించే సంగతి రెండు అంకెల్లో ఉంది. నమూనాలను శిక్షణకు కొన్ని, పరీక్షకు కొన్నిగా యథాలాపంగా విడదీసి సగటు తీస్తే వాళ్ల నెట్‌వర్క్ 84.7 శాతం దాకా సరిగ్గా చెప్పింది. శిక్షణకు ఇచ్చిన నమూనాల్లో అన్ని కోణాలూ ఉండేలా చూసుకుంటే అది 90.4 శాతానికి పెరిగింది. వస్తువులు మారలేదు, యంత్రం మారలేదు. ఏ కోణం నుంచి విన్నదన్నదే తేడా. ఒకే సిలిండర్‌ను పక్క నుంచి తట్టినప్పుడూ కొస నుంచి తట్టినప్పుడూ వచ్చే రెండు ప్రతిధ్వనుల మధ్య తేడా, సిలిండర్‌కూ రాయికీ మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువ ఉండొచ్చు. కాబట్టి ఒక్క పింగ్, అంటే ఒకసారి పంపిన శబ్దానికి వచ్చిన ప్రతిధ్వని, పట్టుకుని వస్తువేమిటని అడగడం ఒక్కచోట తట్టి కుండ కొన్నట్టే. సమాచారమంతా కోణం మారేకొద్దీ ప్రతిధ్వని ఎలా మారుతుందన్న దాంట్లో ఉంది.

ఉంగరం, మడిచిన తాడు, ఒకే ఒక్క చుక్క

60 అంకెలున్న ఒక ప్రతిధ్వనిని 60 కొలతల ప్రదేశంలో ఒక బిందువు అనుకుందాం. రెండు కొలతలంటే కాగితం, మూడంటే గది. 60 కొలతల ప్రదేశాన్ని ఎవరూ కళ్ల ముందు ఊహించుకోలేరు, ఊహించుకోవాల్సిన పనీ లేదు. రెండు బిందువుల మధ్య దూరం లెక్కకట్టగలిగితే చాలు. అంకెకు అంకె తేడా తీసి, వర్గం చేసి, అన్నీ కూడి, వర్గమూలం తీస్తే దూరం వస్తుంది. ఒకేలా వినిపించే పింగ్‌లు దగ్గర దగ్గరగా, వేరుగా వినిపించేవి దూరంగా పడతాయి.

ఇప్పుడు పడవ వస్తువు చుట్టూ ఒక వృత్తంలో తిరుగుతోంది. ఒక డిగ్రీ జరిగితే ప్రతిధ్వని కొంచెం మారుతుంది, బిందువు కొంచెం జరుగుతుంది. 360 డిగ్రీలు పూర్తయి పడవ మొదటి చోటికి వచ్చేసరికి బిందువు కూడా బయలుదేరిన చోటికే తిరిగొస్తుంది. అంటే ప్రతి వస్తువూ ఆ ప్రదేశంలో ఒక మూసుకున్న బాటను గీస్తుంది. ఇలా చుట్టూ తిరిగి సేకరించే పద్ధతిని వర్తుల సింథటిక్ అపెర్చర్ సోనార్ అంటారు. దానిలో వచ్చే ప్రతిధ్వనుల టోపాలజీ మీద వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో గణితం చెప్పే మైకేల్ రాబిన్సన్ శ్రద్ధగా పని చేశారు. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే ఈ విషయం మొత్తంలో అసలు అందం ఈ చోటనే ఉంది.

ముందు గుండ్రటి బంతిని తీసుకోండి. ఎటు నుంచి విన్నా ఒకటే ప్రతిధ్వని. పడవ ఎంత తిరిగినా బిందువు కదలదు. బాట మొత్తం కుంచించుకుపోయి ఒకే ఒక్క చుక్క అవుతుంది.

ఇక రాయి. దానికి ఏ రెండు వైపులూ ఒకేలా ఉండవు. ప్రతి కోణానికీ తనదైన ప్రతిధ్వని. అరవై కొలతలంత విశాలమైన చోట గీత తనను తానే దాటడం దాదాపు జరగదు. అందుకని రాయి గీసే బాట ఎంత వంకరటింకరగా ఉన్నా చివరికి ఒక ఉంగరమే. మధ్యలో ఒక కంత ఉంటుంది.

ఇప్పుడు నేల మీద అడ్డంగా పడి ఉన్న సిలిండర్. దాన్ని పొడవునా నిలువుగా కోస్తే రెండు సగాలూ అద్దంలో ఒకదానికొకటి ప్రతిబింబాల్లా ఉంటాయి. కాబట్టి కొస నుంచి కుడివైపు 30 డిగ్రీలు జరిగి విన్నా, ఎడమవైపు 30 డిగ్రీలు జరిగి విన్నా ఒకటే ప్రతిధ్వని. పడవ సగం చుట్టు వెళ్లేదాకా బిందువు ముందుకు పోతుంది. మిగతా సగంలో వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. ఉంగరం మూసుకోకుండా రెండుగా మడిచిన తాడు అయిపోతుంది, మధ్యలో కంత ఉండదు. రెండు కొసలూ కూడా ఒకేలా ఉంటే అది ఇంకోసారి మడతపడుతుంది. 360 డిగ్రీల కథంతా 90 డిగ్రీల్లోనే ఉంటుంది. 1988 నాటి డేటాలో సిలిండర్‌ను 90 డిగ్రీల మేర, రాయిని 180 డిగ్రీల మేర వినడం ఈ లెక్క తెలిసినవాళ్లకు వింతగా అనిపించదు.

చూడండి ఎలా తిరగబడిందో. మనిషి కొలతలు వేసి చేసిన వస్తువుకు ఉంగరం ఉండదు. ప్రకృతి ఇష్టం వచ్చినట్టు చెక్కిన రాయికి ఉంటుంది. యంత్రాల మీద తయారైన వస్తువులకు సౌష్ఠవం ఉంటుంది, ఆ సౌష్ఠవం ఉంగరాన్ని మడిచేస్తుంది. లోహమా, మట్టా, కొత్తదా, తుప్పు పట్టిందా అన్న ప్రశ్నల జోలికి పోకుండానే ఇంత తెలిసిపోతుంది. ఆ సిలిండర్‌కు ఒక పక్కన బుడిపెలాంటి పరికరం ఏదైనా బిగించి ఉంటే మడతలోని రెండు పొరలూ కొంచెం విడిపోతాయి. సన్నని, సూది బెజ్జంలాంటి ఉంగరం తెరుచుకుంటుంది. ఆ బెజ్జం ఎంత వెడల్పుందన్నది సౌష్ఠవం ఎంత చెడిందో చెబుతుంది.

ఉంగరమా తాడా అన్న ఈ తేడా మీద ఎందుకింత నమ్మకం పెట్టుకోవాలి? సముద్రంలో మనకు తెలియనివి చాలా ఉంటాయి. పడవ ఏ కోణంలో మొదలైందో తెలియదు. కెరటాల వల్ల వేగం ఒకేలా ఉండదు. నీటి వేడిని బట్టి, ఉప్పును బట్టి ధ్వని వేగం మారుతుంది. ఇవన్నీ బాటను సాగదీస్తాయి, నొక్కేస్తాయి, మెలిపెడతాయి. అయితే సాగదీసినంత మాత్రాన ఉంగరం తాడు కాదు, తాడు ఉంగరం కాదు. టోపాలజీ అంటే ఇదే. గారె, గాజు, ఉంగరం ఆ శాస్త్రానికి ఒకటే. బూరె, ఇడ్లీ, లడ్డు ఇంకొకటి. గారెను నొక్కి గాజు చేయొచ్చు గానీ, బూరెను చిల్లు పెట్టకుండా గారె చేయలేం.

చుక్కల నుంచి కంతను లెక్కపెట్టడం

చిక్కు ఏమిటంటే మనకు దొరికేది గీత కాదు, విడివిడి పింగ్‌లు, అంటే చుక్కలు. పైగా ప్రతి చుక్కా కొంచెం పక్కకు జరిగి ఉంటుంది. చుక్కల్లో కంత ఎక్కడుంది? కంటితో చూడగలిగితే చెప్పేస్తాం. అరవై కొలతల్లో చూడలేం. దీనికి పర్సిస్టెంట్ హోమాలజీ అనే పద్ధతి ఉంది. దీన్ని నేటి రూపంలో నిలబెట్టినవాళ్లలో హెర్బర్ట్ ఎడెల్స్‌బ్రునర్, డేవిడ్ లెట్షర్, అఫ్రా జొమొరొడియన్, గున్నార్ కార్ల్‌సన్ ముఖ్యులు. 2000 తర్వాత పుష్కరం తిరగకముందే అది గణితం వదిలి జీవశాస్త్రం, వైద్యం దాకా పాకింది.

వాకిట్లో ఒక మీటరు వ్యాసార్థంతో వృత్తం అనుకుని, దాని మీద సమానదూరంలో 12 ముగ్గు చుక్కలు పెట్టండి. ఇప్పుడు ఒక దూరాన్ని సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోదాం. ఆ దూరం కంటే దగ్గరగా ఉన్న ఏ రెండు చుక్కలనైనా గీతతో కలుపుతాం. మూడు చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోతే ఆ త్రికోణాన్ని పిండితో నింపేస్తాం. దూరం 51 సెంటీమీటర్ల దాకా ఏమీ జరగదు, 12 చుక్కలు విడివిడిగానే ఉంటాయి. 52 దగ్గరికి రాగానే పక్కపక్క చుక్కలన్నీ కలిసి ఉంగరం ఏర్పడుతుంది. ఉంగరం అప్పుడు పుట్టింది అంటాం. దూరం పెరిగేకొద్దీ అంచు మందమవుతుంది గానీ మధ్యలో ఖాళీ మిగిలే ఉంటుంది. సుమారు 1 మీటరు 73 సెంటీమీటర్ల దగ్గర, వృత్తం మీద ఎడంగా ఉన్న మూడేసి చుక్కలు కలిసి పెద్ద త్రికోణాలయి నడిమధ్యను కప్పేస్తాయి. ఉంగరం అక్కడితో చచ్చిపోతుంది.

పుట్టుక 52, చావు 173. ఈ రెండింటి మధ్య ఒక అడ్డగీత గీస్తే అది ఆ ఉంగరం ఆయుష్షు. ఇలా కనిపించిన కంతలన్నిటికీ గీతలు గీసి ఒకదాని కింద ఒకటి పేరిస్తే వచ్చే బొమ్మను బార్‌కోడ్ అంటారు. 12 చుక్కల బదులు 360 పెడితే పుట్టుక 1.7 సెంటీమీటర్లకే వస్తుంది, చావు అక్కడే ఉంటుంది. అంటే పింగ్‌లు దట్టమయ్యేకొద్దీ గీత పొడవవుతుంది. చెదురుమదురుగా పడిన చుక్కల్లో కూడా చిన్నచిన్న కంతలు ఏర్పడతాయి, కానీ పుట్టిన వెంటనే పూడిపోతాయి. పొడవైన గీత అసలైన కంత, పొట్టివి చాలావరకు రొద.

దీని వెనక ఒక గట్టి సిద్ధాంతం ఉండబట్టే ఇంజనీర్లు దీన్ని నమ్మగలుగుతున్నారు. 2005లో కోహెన్-స్టైనర్, ఎడెల్స్‌బ్రునర్, హారర్ ప్రమేయాల విషయంలో దాన్ని నిరూపించారు, తర్వాత అది బిందువుల గుంపులకూ విస్తరించింది. ముగ్గు భాషలో చెప్పాలంటే, ప్రతి చుక్కా మహా అయితే 5 సెంటీమీటర్లు జరిగితే ఏ గీత కొసా 10 సెంటీమీటర్లకు మించి జరగదు. కాబట్టి 20 సెంటీమీటర్ల కంటే పొడవైన గీత ఆ కుదుపుకు మాయం కాదు, ఆ కుదుపు వల్ల కొత్తగా పుట్టుకొచ్చిందీ కాదు. గుర్తింపు యంత్రాల్లో చాలావాటికి ఇలాంటి మాట ఇచ్చేవాళ్లు ఉండరు. రాయి అని చెప్పింది నిజంగా రాయేనా అన్నది ప్రాణాల మీదికి వచ్చే చోట ఈ భరోసా నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

సముద్రం అంత సులువుగా ఒప్పుకోదు

కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది నీళ్లలో దిగగానే తేలిపోదు గానీ, గట్టిగా ఇబ్బంది పడుతుంది.

మొదటి ఇబ్బంది మెరుపు. బల్లపరుపు పక్క సరిగ్గా మన వైపు తిరిగినప్పుడు ప్రతిధ్వని ఒక్కసారిగా పదుల రెట్లు పెరుగుతుంది, ఎండలో అద్దం ఒక్క కోణంలో కళ్లలో కొట్టినట్టు. ఆ మెరుపు ఎంత సన్నగా ఉంటుందో లెక్క వేద్దాం. 30 కిలోహెర్ట్జ్ శబ్దానికి నీటిలో తరంగదైర్ఘ్యం 5 సెంటీమీటర్లు. వస్తువు పొడవు మీటరున్నర. తరంగదైర్ఘ్యాన్ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే అరవయ్యో వంతు రేడియన్, అంటే సుమారు ఒక డిగ్రీ. మన బిందువు ఆ ఒక్క డిగ్రీలో ఎక్కడికో ఎగిరిపోయి తిరిగొస్తుంది. డిగ్రీకి ఒక పింగ్ చొప్పున పంపితే ఆ ఎగిరిన భాగంలో ఒకటో రెండో చుక్కలు పడతాయి. అక్కడ చుక్కల మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఉంగరం చాలా ఆలస్యంగా పుడుతుంది, గీత పొట్టిదైపోయి రొదలో కలిసిపోతుంది. అర డిగ్రీకొక పింగ్ కావాలంటే చుట్టు మొత్తానికి 720. 100 మీటర్ల దూరంలో తిరిగే పడవకు అది 87 సెంటీమీటర్లకు ఒకటి. చేయలేని పని కాదు, కానీ పడవ దారి నిలకడగా ఉండాలి. 720 చుక్కల్లో త్రికోణాలు 6 కోట్లు దాటతాయి. అయినా రిప్సర్ లాంటి ఉచిత ప్రోగ్రాములు తెలివిగా లెక్కించి ల్యాప్‌టాప్ మీదే పని కానిచ్చేస్తాయి. ఆ బాధ మనకు లేదు.

రెండోది రొద. ఒక్కో అంకెలో కొద్దిపాటి తప్పే ఉన్నా, అంకెల సంఖ్య పెరిగేకొద్దీ తప్పులన్నీ కలిసి పెద్దవవుతాయి. 60 అంకెల బదులు 1000 అంకెలతో ప్రతిధ్వనిని రాస్తే, బిందువు ఒక్కో అంకెలోని తప్పుకు సుమారు 32 రెట్లు పక్కకు జరుగుతుంది. దాంతో ఏ రెండు చుక్కలూ దగ్గరగా ఉండవు, పుట్టుక ఆలస్యమై గీత కురచబడుతుంది. అందుకే ముందు కొలతలు తగ్గించుకుని ఆ తర్వాతే టోపాలజీకి దిగాలి. ఈ మెట్టు దాటేసి ఫలితం రాలేదని పద్ధతిని తిట్టిపోసేవాళ్లు ఉంటారు, అది న్యాయం కాదు.

మూడోది దారి తప్పిన చుక్క. పైన చెప్పిన సిద్ధాంతం ప్రతి చుక్కా కొంచెం జరిగితే ఏమవుతుందో చెబుతుంది. ఒకే ఒక్క చుక్క ఎక్కడో పడితే ఏమవుతుందో చెప్పదు. వెచ్చని, లోతు తక్కువ నీళ్లలో గోళ్లు టప్పుమనిపించే ఒక రకం రొయ్యలుంటాయి. అవి చేసే చప్పుడు సోనార్ వాళ్లకు పెద్ద తలనొప్పి. ఒక పింగ్ ఆ చప్పుడులో పాడై, ఆ చుక్క ఉంగరం నడిమధ్యలో పడిందనుకోండి, కంత ఆయుష్షు అమాంతం తగ్గిపోతుంది. ఒంటరి చుక్కలను ఏరి పారేసి, దట్టంగా ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి.

బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మనకు ఇవి దూరపు సంగతులు కావు. తూర్పు నౌకాదళానికి కేంద్రం విశాఖపట్నం. టార్పెడోల వంటి నీటి కింది ఆయుధాల పరిశోధనకు 1969లో మొదలైన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ కూడా అక్కడే ఉంది. 1971 డిసెంబరులో ఘాజీ జలాంతర్గామి మునిగింది ఆ తీరానికి దగ్గర్లోనే. అడుగున ఏముందన్న ప్రశ్న ఆ ఊరికి కొత్తది కాదు.

నాలుగో ఇబ్బంది సముద్రపు నేల. వస్తువుకు సౌష్ఠవం ఉన్నా, చుట్టూ ఉన్న ఇసుకకు ఉండదు. సిలిండర్ ముక్కు ఇసుకలో కూరుకుపోయి తోక పైకి లేచిందనుకుందాం. రెండు కొసలూ ఇప్పుడు ఒకేలా లేవు. రెండో మడత పోయింది. కానీ పొడవునా కోస్తే రెండు సగాలూ ఇంకా అద్దపు ప్రతిబింబాలే, మొదటి మడత చెక్కుచెదరలేదు. 90 డిగ్రీల తాడు 180 డిగ్రీల తాడైంది, అంతే. ఉంగరం మాత్రం తెరుచుకోలేదు. నేల ఒక పక్కకు వాలి ఉంటే అప్పుడు తెరుచుకుంటుంది. టోపాలజీ ఏది తట్టుకుంటుందో, ఏది తట్టుకోలేదో ఇంత ముక్కుసూటిగా ముందే చెప్పుకోగలగడం వల్లనే నాకు దీని మీద గురి.

మోగే లోహం

ఒకే పింగ్‌లో కూడా ఒక ఉంగరం దాగి ఉంటుంది, అది వేరే రకం. ఇత్తడి బిందెను తడితే చాలాసేపు మోగుతుంది. బండను తడితే టక్‌మని ఆగిపోతుంది. లోపల బోలుగా ఉన్న లోహపు డొల్లకు తగిన పౌనఃపున్యంలో శబ్దం తగిలితే, మొదటి ప్రతిధ్వని వెళ్లిపోయాక కూడా అది కాసేపు కంపిస్తూనే ఉంటుంది. ఆ తోకలో ఆకారాన్ని చూడాలంటే కిటికీ జరిపే పద్ధతి వాడతారు. ఈ క్షణపు విలువను ఒక అంకెగా, పావు ఊపు తర్వాతి విలువను రెండో అంకెగా తీసుకుని బిందువు పెట్టండి. కాలం గడిచేకొద్దీ ఆ బిందువు గుండ్రంగా తిరుగుతుంది. ఆగకుండా మోగే శబ్దం వృత్తం గీస్తుంది, మెల్లగా తగ్గే శబ్దం లోపలికి చుట్టుకుపోయే సుడి గీస్తుంది, టక్‌మని ఆగేది సగం చుట్టు కూడా తిరగదు. ఇలా పాత విలువలను పేర్చి ఆకారాన్ని తిరిగి రాబట్టొచ్చని 1981లో ఫ్లోరిస్ టాకెన్స్ చూపించాడు. 2015లో హోసే పెరేయా, జాన్ హారర్ దీన్ని పర్సిస్టెంట్ హోమాలజీతో కలిపారు.

చుట్టూ తిరిగితే వచ్చే ఉంగరం సౌష్ఠవం లేకపోవడాన్ని చెబుతుంది, పింగ్ లోపలి ఉంగరం మోగడాన్ని చెబుతుంది. మొదటిది లేకపోవడం, రెండోది ఉండడం ఒకే వస్తువులో కలిస్తే అనుమానం బాగా బలపడుతుంది.

బార్‌కోడ్ దొరికాక గుర్తింపు యంత్రానికి దాన్ని అప్పగించడం మామూలు పనే. గీతల సంఖ్య ఒక్కో వస్తువుకు ఒక్కోలా ఉంటుంది, యంత్రాలకేమో అందరికీ ఒకే పొడవున్న అంకెల వరస కావాలి. అందుకని పుట్టుకను ఒక అక్షం మీద, ఆయుష్షును ఇంకో అక్షం మీద పెట్టి, ఒక్కో గీతను కాస్త చెదిరిన మచ్చలా గీసి, చిన్న బొమ్మగా మారుస్తారు. 2017 నాటి ఆ పద్ధతి పేరు పర్సిస్టెన్స్ ఇమేజ్. మిగతాది ఎప్పటి లెర్నింగే.

అయితే పరీక్ష పెట్టే తీరులో ఒక తప్పు పదేపదే జరుగుతుంది. ఒకే రాయి నుంచి వచ్చిన పింగ్‌లను కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు పంచేస్తారు. పక్కపక్క డిగ్రీల పింగ్‌లు దాదాపు కవలలు కాబట్టి మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి. యంత్రం నేర్చుకున్నది రాళ్లను కాదు, ఆ ఒక్క రాయిని. విడదీయాల్సింది పింగ్‌లను కాదు, వస్తువులను. శిక్షణలో ఉన్న రాయి పరీక్షలో కనిపించకూడదు. అలా చేసినప్పుడు టోపాలజీ అంకెలకు అసలు విలువ బయటపడుతుంది, ఎందుకంటే అవి ఫలానా రాయి గుర్తులను మోయవు, సౌష్ఠవం ఉందా లేదా అన్నదే మోస్తాయి. మైన్‌ల ప్రతిధ్వనులు లక్షల కొద్దీ దొరికేవి కావు, దొరికినవీ చాలావరకు రహస్యంగానే ఉంటాయి. తక్కువ నమూనాలతో నేర్చుకోవాల్సిన ఇలాంటి చోట, ముందే తెలిసిన గణితాన్ని చేతిలో పెట్టుకుని వెళ్లడం తెలివైన పని. కానీ ఒక్క టోపాలజీతోనే పని జరుగుతుందని నేను అనను. సిమెంటు గొట్టానికీ మైన్‌కూ ఒకే మడత ఉంటుంది. వాటిని వేరుచేయాలంటే పరిమాణం, మోత, బొమ్మలో పడే నీడ, అన్నీ కావాలి.

ఇక మిగిలింది పడవ చుట్టూ తిరగలేని సందర్భం. రోజువారీ పనిలో నిజానికి ఇదే ఎక్కువ. పడవ సూటిగా వెళ్లిపోతూ వస్తువును ఒక పక్క నుంచి ఓ 60 డిగ్రీల మేర మాత్రమే వింటుంది. బాట మూసుకోదు కాబట్టి ఉంగరం ఉందా లేదా అన్న ప్రశ్నకే తావుండదు. కానీ మడత ఇంకా పట్టుబడుతుంది. పింగ్‌ల మధ్య దూరాలన్నీ ఒక చదరపు పట్టికగా రాసి, దగ్గరగా ఉన్న జతలకు నల్లరంగు వేయండి. ప్రతి పింగ్ తనకు తాను దగ్గరే కనుక ఒక మూల నుంచి ఎదురు మూలకు నల్లగీత ఎలాగూ వస్తుంది. రాయికి దాదాపు అదొక్కటే. రెండు కొసలూ ఒకేలా ఉన్న సిలిండర్ అయితే, దాని పక్క సరిగ్గా పడవకు ఎదురుగా వచ్చిన క్షణం దగ్గర మాత్రం, ఆ గీతను అడ్డంగా కోస్తూ రెండో నల్లగీత మొదలవుతుంది. ఆ క్షణానికి ముందు పదో పింగ్, తర్వాత పదో పింగ్ ఒకేలా వినిపించడమే ఆ గీత. దూరం మారడం వల్ల వచ్చే తేడా తగలకుండా, ప్రతిధ్వని ఎప్పుడొచ్చిందన్నది వదిలేసి ఏ పౌనఃపున్యంలో ఎంత వచ్చిందన్నదే పోల్చాలి, మొత్తం బలాన్ని సరిసమానం చేసుకోవాలి. అప్పుడు పడవ ఎదురు కోణం దాటి పది పదిహేను డిగ్రీలు వెళ్లేసరికే ఆ అడ్డగీత తెర మీద పొడవుగా సాగడం మొదలవుతుంది. వెనక్కి తిరిగి ఆ వస్తువు చుట్టూ పూర్తి చుట్టు వేయాలా వద్దా అన్నది పడవ అప్పుడే తేల్చుకోవచ్చు.